మిరుగం (మృగశిర కార్తె) రాకముందే చెరువు నిండితే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఎండాకాలం వచ్చిందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు మామూలుగా బోరు ఎండిందనో, బత్తాయి తోటకు ట్యాంకర్ నీళ్లు పోస్తున్నామనో ఉంటాయి. ఈసారి అంతా తిరగబడింది. చెడగొట్టు వానలు వదలకుండా కొట్టేసరికి పాలమూరు వైపు నుంచీ నల్లగొండ వైపు నుంచీ చెరువుల మీదే ఉత్తరాలు. నీళ్లు ఎక్కువయ్యాయి సార్, ఏం చేద్దామని. సాగునీటి పనుల్లో ముప్పై ఏళ్లు కట్టల మీద తిరిగినవాణ్ని కాబట్టి సంపాదకులు ఈ కట్టంతా నాకు పంపారు. (కాగితాల కట్టే లెండి.)

ప్రశ్న: మాది దేవరకద్ర దగ్గర ఊరు. చెరువు వంద ఎకరాల దాకా పరుచుకుంటుంది. కాలువ నీళ్లతో సగం నిండింది, మిగతా సగం ఈ వానలు నింపాయి. అలుగుకు (నిండాక నీళ్లు పొర్లిపోయే రాతి గోడకు) ఇంకా జానెడే తక్కువ. రోహిణి కార్తె కూడా దాటలేదు. ఊళ్లో అందరూ సంబరంలో ఉన్నారు, నేనొక్కణ్నే టెన్షన్ పడుతున్నా. తూము (కట్ట అడుగున నీళ్లు వదిలే దారి) తీద్దామంటే పిచ్చోణ్ని చూసినట్టు చూస్తున్నారు. నాది తప్పా?

జవాబు: తప్పు కాదు తమ్ముడూ. అయితే మీ ఊరివాళ్లు కూడా పిచ్చోళ్లు కాదు. పాలమూరులో నిండిన చెరువు తూము తీయమంటే ఎవరికైనా ప్రాణం ఒప్పదు. అందుకే మాటలు పక్కనపెట్టి లెక్క చూపించండి.

మీ చెరువులోకి నీళ్లొచ్చే నేల ఒక ఐదు చదరపు కిలోమీటర్లు అనుకుందాం. ఒక రాత్రి 10 సెంటీమీటర్ల వాన పడితే ఆ నేల మీద 5 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు పడ్డట్టు. మొదటి వానను ఎండిన నేల తాగేస్తుంది. కానీ ఇప్పటికే రెండు మూడు వానలకు నానిన చల్క నేల పైన పెచ్చు కట్టి ఉంటుంది, నీళ్లు ఇంకవు, ఒర్రెల్లో పడి మీ దగ్గరికే వస్తాయి. సగమే వచ్చాయనుకున్నా రెండున్నర లక్షల ఘనపు మీటర్లు. వంద ఎకరాల చెరువులో అది రెండడుగుల ఎత్తు. అదీ ఒక్క రాత్రిలో.

ఇప్పుడు తూము సంగతి చూడండి. అడుగు వెడల్పున్న తూము, దాని మీద ఆరేడడుగుల నీళ్లు ఉంటే సెకనుకు రెండొందల అరవై లీటర్ల దాకా పోతాయి. వినడానికి చాలా అనిపిస్తుంది కానీ రోజంతా పారినా మీ చెరువు రెండంగుళాలే దిగుతుంది. రెండడుగులు దింపాలంటే పన్నెండు రోజులు పడుతుంది. ఒక రాత్రి వచ్చేదాన్ని పంపించడానికి పన్నెండు రోజులు కావాలన్నమాట, నేను చెప్పేదంతా ఈ ఒక్క లెక్కలోనే ఉంది. వరద వచ్చాక తూము తీస్తే లాభం లేదు, తీసేదేదో ఇప్పుడే తీయాలి.

మొత్తం దింపమనడం లేదు. అలుగుకు రెండడుగులు కిందికి తెచ్చి ఆపండి. ఆ రెండడుగులు తక్కువేం కాదని నాకూ తెలుసు, నలభై యాభై ఎకరాల వరికి సరిపోయే నీళ్లు. రేపు మిరుగం మొండికేస్తే మీ ఊళ్లో నన్ను తిట్టుకుంటారు, తిట్టుకోండి. కానీ ఆ నీళ్లు పారబోయనక్కర్లేదు. మన చెరువులన్నీ గొలుసుకట్టు కదా, ఒకదాని నీళ్లు కిందిదానికి పోతాయి, కింద కుంట ఎండి ఉంటే ముందు దాన్ని నింపండి, ఆ కుంట చుట్టూ బావులూ బోర్లూ బతుకుతాయి. కింది చెరువు కూడా ఇప్పటికే నిండి ఉంటే, దాని తూము మీకన్నా ముందు తెరవాలి, లేకపోతే మీ బరువు తీసుకెళ్లి వాళ్ల నెత్తిన పెట్టినట్టే.

తూము తీసేముందు ఒక పని మర్చిపోవద్దు. ఆయకట్టులో యాసంగి కోతలు అయ్యాయా, కాలువ పక్కన ఎవరైనా వడ్లు ఆరబోశారా చూడండి. ఒకచోట మేం తెల్లారగట్ల తూము ఎత్తితే పొద్దెక్కేసరికి ఒక రైతు వడ్ల రాశి చుట్టూ మోకాలి లోతు నీళ్లు. ఆయన నన్ను అన్న మాటలు ఈ పత్రికలో అచ్చు వేయరు. ముందు రోజు డప్పు వేయించండి, ఇప్పుడైతే ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి, పొద్దున పూట కొద్దిగా తీసి, కాలువ వెంట ఒకసారి నడిచొచ్చి, అప్పుడు పూర్తిగా తీయండి. ఇదంతా సాగునీటి శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారికి చెప్పి, సర్పంచ్ సమక్షంలో, పగటి పూటే. రాత్రి పూట ఒక్కరు పోయి తూము దగ్గర దిగడం మాత్రం వద్దు. షట్టర్ పట్టేసి ఉంటే నీళ్లలో మునిగి తీయడానికి ఎవరూ దిగొద్దు, తూము లాగిందంటే ఈతగాడైనా బయటికి రాడు.

ప్రశ్న: అచ్చంపేట వైపు నుంచి రాస్తున్నాం. మా చెరువు అలుగు పారడం మొదలైంది. నీళ్లు వృథాగా పోతున్నాయని కుర్రాళ్లు అలుగు మీద ఒక అడుగు ఎత్తున ఇసుక బస్తాలు వేస్తామంటున్నారు. పెద్దలు కూడా సరేనన్నారు. మంచిదేనా?

జవాబు: మంచిది కాదు. వేసి ఉంటే ఈ పేజీ మడిచి జేబులో పెట్టుకొని పోయి తీసేయండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

అలుగు పారడం అంటే నీళ్లు వృథా కావడం కాదు, కట్ట ఊపిరి పీల్చుకోవడం. కట్ట ఎత్తు, అలుగు ఎత్తు, అలుగు పొడవు ఈ మూడూ చూసి కట్టినవాళ్లు పెట్టిన లెక్క అది. ఇరవై మీటర్ల అలుగు మీద ఒక అడుగు మందం నీళ్లు పారితే సెకనుకు ఐదున్నర వేల లీటర్లు పోతాయి, అంటే ఇందాక చెప్పిన తూములు ఇరవై ఒకేసారి తెరిచినంత. రెండడుగుల మందం పారితే రెట్టింపు కాదు, దాదాపు మూడింతలు పోతాయి. వాన ఎంత పెరిగితే అలుగు అంత జోరుగా పంపిస్తుంది, ఎవరూ వచ్చి మీట నొక్కక్కర్లేదు. మీరు అడుగు ఎత్తు బస్తాలు వేశారంటే సరిగ్గా ఆ అడుగును కట్ట నుంచి లాక్కున్నట్టే. వరద రాత్రి నీళ్లు కట్ట మీది నుంచి పొర్లితే మట్టి కట్ట గంటల్లో కోసుకుపోతుంది.

ఇంకోటి, పైన పొలాలవాళ్లను అడిగారా? వందడుగులకు ఒక అడుగు వాలు ఉన్న నేలలో చెరువు ఒక అడుగు పెరిగితే నీళ్లు ఇంకో వందడుగులు లోపలికి పాకుతాయి. ఆ వందడుగుల్లో ఎవరి మోటారో, ఎవరి మిరప మడో ఉంటుంది. వాళ్లు రాత్రికి రాత్రి గడ్డపారతో వచ్చి అలుగు పగలగొడతారు. ఇలాంటివి చూశాను, అన్నదమ్ముల్లాంటి ఊళ్లు పోలీస్ స్టేషన్‌లో ఎదురెదురు బెంచీల మీద కూర్చున్నాయి.

తనంతట తాను నీళ్లు వదిలే ఏర్పాటు ఎంత గొప్పదో చూడాలంటే వనపర్తి జిల్లాలో సరళాసాగర్ వెళ్లండి. వనపర్తి సంస్థానం వాళ్లు మొదలుపెట్టించింది, 1959లో పూర్తయింది. అక్కడ నీళ్లు నిండు మట్టానికి రాగానే సైఫన్లు వాటంతటవే తెరుచుకుంటాయి, గేటు తిప్పే మనిషి అక్కర్లేదు. మన అలుగు కూడా అదే పని చేస్తుంది, కాకపోతే రాతిది, పేదది.

ప్రశ్న: మునుగోడు మండలం. చెరువు నిండి వారమైంది. కట్ట వెనక వైపు, అడుగున, ఒకచోట నీళ్లు ఊరుతున్నాయి. చెంబెడు నీళ్లే. పెద్దవాళ్లు ఏం కాదు, ప్రతిసారీ ఊరుతుందంటున్నారు. నాకైతే నిద్ర పట్టడం లేదు. మట్టి వేసి మూసేయమంటారా?

జవాబు: మట్టి వేయకండి. ముందు ఒక ఖాళీ గాజు సీసా తీసుకోండి (ఊళ్లో ఖాళీ సీసాలకు కరువు లేదు). ఊరే చోట నీళ్లు పట్టి, మూత పెట్టి, కదపకుండా అరగంట ఉంచండి. అడుగున ఏమీ పేరుకోకపోతే అది ఊట, మీ పెద్దలు చెప్పింది నిజమే, మట్టి కట్ట అన్నాక కొంత చెమ్మగిల్లుతుంది. అడుగున మట్టి, సన్న ఇసుక కనబడితే అది ఊట కాదు, బుంగ. కట్ట లోపలి మట్టిని నీళ్లు మోసుకొస్తున్నాయన్నమాట, లోపల సొరంగం పెరుగుతోంది. రెండు గంటలకోసారి అదే సీసాతో చూడండి. పక్కన ఒక పుల్ల గుచ్చి ధార పెరుగుతోందా గమనించండి. తేట నీళ్లు కాస్తా ఎర్రబారితే ఇక ఆలోచించొద్దు. కట్ట కింద ఇళ్లవాళ్లను, ముసలీ ముతకా, పశువులను ముందు పక్కకు తీసుకెళ్లండి, 112కు ఫోన్ చేయండి, ఏఈకి, తహసీల్దారుకు చెప్పండి, కింది చెరువు ఊరికి కూడా చెప్పండి. ఆ తర్వాతే పార పట్టాలి.

బయటి వైపు రంధ్రాన్ని బంకమట్టితో మూస్తే నీళ్లు ఆగవు, కట్ట లోపలే ఇంకో దారి వెతుక్కుంటాయి, అది ఎక్కడ తేలుతుందో ఎవరికీ తెలియదు. చేయాల్సింది మట్టిని ఆపి నీళ్లను పోనివ్వడం. దొడ్డు ఇసుక వేయాలి, దాని మీద సన్న కంకర, దాని మీద పెద్ద రాళ్లు. ధార జోరుగా ఉంటే దాని చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా, బావి ఒరలాగా, రెండు మూడడుగుల ఎత్తు పేర్చాలి. లోపల నీళ్లు నిలిచి వెనక్కి బరువు పెడతాయి, ధార మెత్తబడుతుంది. పైన ఒక పైపు ముక్క పెట్టి తేట నీళ్లను పోనివ్వండి.

లోపలి వైపు నీళ్లు ఎక్కడ దూరుతున్నాయో తెలియాలంటే ఒక తట్టెడు వరి ఊక కట్ట వెంట నీళ్ల మీద చల్లండి. గాలి లేనప్పుడు ఊక ఒకచోట చేరి సుడి తిరిగితే దాని కిందే నోరు. వడ్లు ఆరబెట్టే టార్పాలిన్ మీ దగ్గర ఉండనే ఉంటుంది, దాని ఒక అంచుకు రాళ్లు కట్టి కట్ట మీది నుంచి ఆ నోటి మీదికి జార్చండి, నీళ్లే దాన్ని లాగి అతికిస్తాయి. పైన మట్టి బస్తాలు దించండి. ఎవరూ నీళ్లలోకి దిగొద్దు, తాడుతో కూడా వద్దు.

వాన లేదు కదా, మబ్బు విడిచింది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. పైన చెప్పిన సరళాసాగర్ కట్టకే 2019 డిసెంబర్ 31న గండి పడింది. వానాకాలంలో కాదు, చలికాలంలో. అలుగో సైఫనో పైనుంచి వచ్చే ముప్పునే చూసుకుంటాయి, కట్ట కడుపులో జరిగేదాన్ని మనిషే చూడాలి.

ఆ మనిషే ఇప్పుడు కరువయ్యాడు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక చెరువు మీద ముసలి నీరటికాడు (చెరువు నీళ్లనూ కట్టనూ చూసుకునే మనిషి) ఉండేవాడు. నిండు చెరువైతే రాత్రి రెండుసార్లు కట్ట వెనక అడుగున నడిచేవాడు, చెప్పులు విప్పి. టార్చి ఉండి కూడా చెప్పులెందుకు విప్పుతావ్ తాతా అంటే, లైటుకు తడి ఒక్కటే కనబడుతుంది సారూ, కాలికి చల్లదనం కూడా తెలుస్తుంది అనేవాడు. కొత్తగా ఊరే నీళ్లు చల్లగా ఉంటాయట. ఒక రాత్రి ఎండ్రకాయ బొక్క ఒకటి అలాగే దొరికింది, అప్పటికి వేలు పట్టేంత. నీరటోళ్లలో చాలామంది తర్వాత వీఆర్‌ఏలుగా (గ్రామ రెవెన్యూ సహాయకులుగా) ఉండేవాళ్లు, 2023లో ఆ వ్యవస్థ తీసేసి వాళ్లను వేరే శాఖల్లో సర్దారు. ఇప్పుడు చాలా ఊళ్లలో కట్ట మీద రాత్రి నడిచేవాళ్లు లేరు. ఊళ్లో నలుగురు కుర్రాళ్లు వంతులు వేసుకోండి, ఈ నెలంతా. మైసమ్మ గుడి నుంచి అలుగు దాకా, కట్ట పైన కాదు, వెనక అడుగున.

ఇంకో సంగతి రాయకుండా ఉండలేను. కట్ట మీద సర్కారు తుమ్మ ఉంటే వేళ్లు లోపలికి పోతాయి నిజమే, అలాగని నిండు చెరువు మీద జేసీబీ పెట్టి మొదళ్లతో పెకలించొద్దు. కొమ్మలు కొట్టి కట్ట కనబడేలా చేయండి చాలు. వేళ్లు తీసి మట్టి గట్టిగా కొట్టే పని చెరువు దిగాక.

ప్రశ్న: చెరువు శిఖంలో (నిండితే నీళ్లు పరుచుకునే నేలలో) రెండెకరాల పట్టా ఉంది. వేసవి జొన్న మునిగింది, మోటారు మునిగింది. నీళ్లు వదిలేయమని అడిగే హక్కు నాకు లేదా? – కల్వకుర్తి

జవాబు: బాధ అర్థమైంది కానీ, శిఖం పట్టా అంటే నీళ్లు తగ్గినప్పుడు దున్నుకునే హక్కే, నీళ్లు రావద్దనే హక్కు కాదు. అడగడంలో తప్పు లేదు, పైన దేవరకద్ర తమ్ముడిలాంటివాడు మీ ఊళ్లో కూడా ఉంటే కలిసి తూము తీయించుకోండి. కట్టకు గండి కొట్టే ఆలోచన వద్దు, అది నేరం, పైగా కింద ఊరుంది. మోటారు సంగతి: మునిగిన స్టార్టర్ డబ్బాను ముట్టుకోకండి, ఫ్యూజు తీయడానికి కూడా నీళ్లలో నడుచుకుంటూ పోకండి. లైన్‌మన్‌తో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సప్లై తీయించాకే తాడు కట్టి లాగండి, మెకానిక్ ఆరబెట్టి చూసేదాకా కరెంటు ఇవ్వొద్దు.

ప్రశ్న: నల్లగొండ పట్టణం శివారులో ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నాం. ఏడేళ్లలో ఎప్పుడూ లేనిది ఈ మేలో గేటు దాకా చెరువు నీళ్లొచ్చాయి. అమ్మినాయన ఇది చెరువు భూమి కాదని కాగితాలు చూపించాడు. ఎవర్ని అడగాలి?

జవాబు: అమ్మా, ఏడేళ్లు రాలేదంటే అది చెరువు కాదని కాదు, చెరువు ఏడేళ్లు నిండలేదని. చెరువు నిండు మట్టానికి నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీతనే ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) అంటారు. ఆ గీత దాటాక కూడా పది హెక్టార్లకు మించిన చెరువైతే 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు ఏమీ కట్టకూడదని 2012 నాటి జీవో 168 చెబుతుంది. రిజిస్ట్రేషన్ కాగితం చూసి ఇది తేలదు. మీ సర్వే నంబరు పట్టుకొని సాగునీటి శాఖ, రెవెన్యూ వాళ్ల దగ్గర ఎఫ్‌టీఎల్ మ్యాపు అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఇవాళ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో తేదీ పడేలా ఫోటోలు తీసి, గోడ మీద సున్నంతో గీత గీయండి. రేపు ఎవరేం చెప్పినా ఆ గీత పనికొస్తుంది.

నీళ్లు గేటు దాకా రావడానికి చెరువే కారణం కాకపోవచ్చు కూడా. అలుగు నీళ్లు పోయే వాగును ఎవరో ప్రహరీ కట్టి సందు చేసి ఉంటారు, లేదా కాలనీ రోడ్డు కింద చిన్న పైపు వేసి వదిలేసి ఉంటారు. ఒకసారి అలుగు నుంచి కిందికి కిలోమీటరు నడిచి చూడండి, నీళ్లు ఎక్కడ ఎగదన్నుతున్నాయో కంటికే తెలుస్తుంది. ఈలోపు సెప్టిక్ ట్యాంకు మునిగితే సంపులో నీళ్లు తాగొద్దు, సంపు ఖాళీ చేసి, కడిగి, బ్లీచింగ్ వేసి అప్పుడు నింపండి. చెప్పుల స్టాండు దగ్గర చూసి చెయ్యి పెట్టండి, పాములు కూడా పొడి చోటే వెతుక్కుంటాయి.

ప్రశ్న: చెరువు నిండింది కదా, మా బోరులో ఫ్లోరైడ్ తగ్గుతుందా? – మర్రిగూడ

జవాబు: ఫ్లోరైడ్ రాతిలోంచి వస్తుంది. చెరువు నీళ్లు ఇంకి కలిసిన బోరులో కొంత తగ్గొచ్చు, పక్క బోరులో ఏమీ మారకపోవచ్చు. పరీక్ష చేయించకుండా తాగడానికి మాత్రం వాడొద్దు, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే అసలే వద్దు.

ప్రశ్న: మేం చేపల సొసైటీ వాళ్లం, వనపర్తి జిల్లా. అలుగు పారితే మా చేపలన్నీ కొట్టుకుపోతాయి. వల కట్టుకుంటే ఊరివాళ్లు గొడవ చేస్తున్నారు. మా కష్టం ఎవరికీ పట్టదా?

జవాబు: పట్టాలి. ఏడాదంతా కాపాడిన బొచ్చె, రవ్వ కళ్ల ముందే పోతుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. గొడవంతా వల మీద కాదు, వల కట్టే చోటు మీద. అలుగు నెత్తిన సన్న కన్ను వల కట్టారంటే గంటలో గుర్రపు డెక్క, తుమ్మ కంప, ప్లాస్టిక్ వచ్చి పట్టేస్తాయి, అప్పుడది వల కాదు, గోడ. ఇసుక బస్తాల గురించి చెప్పిందంతా దానికీ వర్తిస్తుంది. వలను అలుగు దిగువన, నీళ్లు దూకి కాస్త నెమ్మదించే చోట, పెద్ద కన్నుతో, ఏటవాలుగా కట్టండి. రాత్రి ఇద్దరు దగ్గరుండి చెత్త తీస్తూ ఉండాలి, జోరు పెరిగితే ఒక్క ముడి లాగితే ఊడిపోయేలా కట్టాలి. పట్టే సైజుకు వచ్చిన చేపను ఇప్పుడే పట్టి అమ్ముకోవడం ఇంకా మంచిది. మీకు పడవ ఉంటుంది కాబట్టి ఊరివాళ్లతో ఒక మాట అనుకోండి: మేం గుర్రపు డెక్కను అలుగు దాకా రాకుండా తీస్తాం, మీరు దిగువన వలకు అడ్డం చెప్పొద్దు. రెండు మూడు చోట్ల ఈ ఒప్పందం నడిచింది.

ప్రశ్న: సెలవులు, పిల్లలంతా చెరువులోనే. ఎప్పుడూ ఈదే చెరువే కదా, భయమెందుకు అంటున్నారు మా ఆయన. – నాగర్‌కర్నూల్

జవాబు: ఎప్పుడూ ఈదే చెరువు కాదిది. ఈ వేసవిలో మట్టి తవ్వారా? ఇటుక బట్టీలకో, రోడ్డుకో, పొలాలకు పూడిక మట్టని ట్రాక్టర్లు తోలారా? ఆ గుంతలన్నీ ఇప్పుడు నీళ్ల కింద ఉన్నాయి. మోకాలి లోతులో నడుస్తున్న పిల్లాడు ఒక్క అడుగుతో నిలువు లోతులో పడతాడు, గుంత అంచులు జేసీబీ కోసినవి కాబట్టి నిట్టనిలువుగా ఉంటాయి, పట్టుకోవడానికి ఏమీ దొరకదు, పైగా బురద. ఎక్కడ తవ్వారో ట్రాక్టర్ డ్రైవర్లకు తెలుసు. మీ ఆయన్నే పంపించి వాళ్లలో ఒకరిని పిలిపించండి, ఒడ్డున నిలబడి చూపించమనండి. గుంతలకు ఇవతల, మోకాలి లోతు దాటకుండా, పొడుగు వెదుర్లు పాతి ఎర్ర గుడ్డ కట్టండి. అంతవరకూ పిల్లల చెప్పులు దాచిపెట్టండి, మా అమ్మ అదే చేసేది.